నిన్ బిన్ పైకొచ్చింది సరే, క్వాంగ్ నామ్ ఏమైంది?

వియత్నాం రెండో అంచె ఫుట్‌బాల్ లీగు పేరు వి-లీగ్ 2. దాని 2024–25 సీజన్ పట్టిక చూస్తే అంతా పద్ధతిగానే కనిపిస్తుంది. నిన్ బిన్ ఛాంపియన్. బిన్ ఫుయోక్‌ది రెండో స్థానం. పీవీఎఫ్-సీఏఎన్‌డీ అనే పోలీసు జట్టుది మూడో స్థానం. రూలు ప్రకారం మొదటి జట్టు నేరుగా పై లీగుకి వెళ్తుంది. రెండో జట్టు, పై లీగులో అట్టడుగుకి ఒక మెట్టు పైన ఆగిన జట్టుతో ఒక్క ప్లే-ఆఫ్ ఆడుతుంది. నిన్ బిన్ వెళ్లింది. బిన్ ఫుయోక్ ఆ ప్లే-ఆఫ్‌లో దా నాంగ్ చేతిలో 0–2తో ఓడిపోయింది. లెక్క ప్రకారం అక్కడితో తేలిపోవాలి.

తేలలేదు. 2025 ఆగస్టులో, కొత్త సీజన్ ఇంకొద్ది రోజుల్లో మొదలవుతుందనగా, పై లీగులో ఉన్న క్వాంగ్ నామ్ క్లబ్బు నిధులు కుదరక తప్పుకుంది. మైదానంలో ఆడి తన చోటు నిలబెట్టుకున్న జట్టు అది. ఖాళీ అయిన స్థానాన్ని ముందు బిన్ ఫుయోక్‌కి ఇస్తామన్నారు. వాళ్లు వద్దన్నారు. మూడో స్థానంలో ఉన్న పీవీఎఫ్-సీఏఎన్‌డీ సరేనంది. నెలల తరబడి ఎండలో, వానలో ఆడి తేల్చుకున్న వరుస, ఆఖరికి కాగితాల మీద మారిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లీగులో స్థానం అనేది ఒక ఊరి జట్టు ఆడి సంపాదించుకునేది. దాన్ని డబ్బు పెట్టినవాడి సొంత ఆస్తిలా చూస్తున్నంత కాలం, ఎంత పెద్ద ఆటగాళ్లని తెచ్చి దింపినా వియత్నాం కింది లీగులు బాగుపడవు. ఇది వియత్నాం వాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు హైదరాబాద్ సంగతి వచ్చేదాకా ఓపిక పట్టండి.

ముందు, ఈ లీగు మీద నాకు ఆసక్తి ఎలా కలిగిందో చెప్తాను. 2024 అక్టోబర్ 12న నామ్ దిన్‌లో ఇండియా, వియత్నాం జట్లు స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. 1–1తో డ్రా అయింది. అప్పుడు ఇండియా కోచ్ మనోలో మార్కెజ్, హైదరాబాద్ ఎఫ్‌సీని మన దేశపు పై లీగు ఐఎస్ఎల్‌లో విజేతగా నిలిపిన మనిషి. ఆయన కోసమే నేను ఆ మ్యాచ్ పెట్టాను. ఆట ఎలా ఉన్నా, నా కళ్లు ఆ స్టేడియం మీదే నిలిచిపోయాయి. రాజధాని కాని ఊళ్లో అంత స్టేడియం, అంత ఫుట్‌బాల్ పిచ్చి ఎలా వచ్చాయని వెతికితే తెలిసింది, ఆ ఊరి క్లబ్బు 2017 దాకా రెండో అంచెలో ఆడిందని. 2017లో కింది లీగు గెలిచి పైకొచ్చిన నామ్ దిన్, 2023–24లోనూ, 2024–25లోనూ దేశ ఛాంపియన్ అయింది. కింది లీగుని పట్టించుకోకుండా పై లీగుని అర్థం చేసుకోలేమని నాకు అప్పుడే అనిపించింది.

వియత్నాం టైం మనకంటే గంటన్నర ముందు. అక్కడ సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే మ్యాచ్ మనకి మధ్యాహ్నం రెండున్నరకి వస్తుంది. ఆదివారం భోజనం చేసి ఫోన్లో పెట్టుకుని కూర్చుంటే కామెంటరీలో ఆటగాళ్ల పేర్లు తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఆట అర్థమవుతుంది. పక్క జిల్లా జట్టుతో ఆడేటప్పుడు స్టాండ్లలో మోగే డప్పుల తేడా కూడా తెలుస్తుంది.

ఆ సీజన్‌లో 11 జట్లు. ఒక్కో జట్టుకి 20 మ్యాచ్‌లు. పైకి వెళ్లేందుకు అక్కడి వాళ్ల మాటల్లో "ఒకటిన్నర స్థానం". నేరుగా వెళ్లేది ఒకటి, ప్లే-ఆఫ్ అవకాశం సగం. పై లీగుకీ దీనికీ ఉన్న అసలైన తేడా ఇంకొకటుంది. కింది లీగులో ఆ సీజన్‌కి విదేశీ ఆటగాళ్లకి చోటు లేదు. పై లీగులో గోల్స్ కొట్టే పని చాలా జట్లలో విదేశీయులదే. బ్రెజిల్ నుంచో ఆఫ్రికా నుంచో ఒక స్ట్రైకర్ వస్తాడు, వియత్నాం కుర్రాళ్లు వాళ్లకి బంతి అందిస్తారు. కింది లీగులో అప్పుడు ఆ ఏర్పాటు కుదరలేదు. సెంటర్ ఫార్వర్డ్ కూడా వియత్నాం కుర్రాడే అయి తీరాల్సి వచ్చింది, వాణ్ణి ఆపాల్సిన సెంటర్ బ్యాక్ కూడా. ఆటలో నైపుణ్యం కొంచెం తగ్గొచ్చు. కానీ ఆ దేశం తన స్ట్రైకర్‌ని తయారు చేసుకోగలిగిన చోటు ఏదైనా ఉందంటే అది ఇదే. ఈ లీగుని తేలిగ్గా తీసిపారేసే వాళ్లతో నాకు మొదటి పేచీ ఇక్కడే.

ఇప్పుడు నిన్ బిన్ సంగతి. దీని గురించి న్యాయంగా మాట్లాడాలి, ఎందుకంటే దీన్ని తిట్టడం చాలా తేలిక.

2024లో నిన్ బిన్ క్లబ్బు రెండో అంచెలో ఉండి మరీ హోయాంగ్ డుక్‌ని తెచ్చుకుంది. 2021లో వియత్నాం గోల్డెన్ బాల్, అంటే ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే అవార్డు, గెలిచిన మిడ్‌ఫీల్డర్ అతను. సైన్యం క్లబ్బు వియెట్టెల్‌లో పేరు తెచ్చుకున్నవాడు, ఆట మంచి ఊపులో ఉండగా ఒక మెట్టు కిందికి దిగాడు. జాతీయ జట్టు గోల్‌కీపర్‌గా పేరున్న దాంగ్ వాన్ లామ్ కూడా అక్కడికే వచ్చాడు. వాన్ లామ్ వదిలి వచ్చిన క్లబ్బు బిన్ దిన్. ఆ బిన్ దిన్ 2023–24లో పై లీగులో రన్నరప్. దేశంలో రెండో స్థానంలో నిలిచిన జట్టు గోల్‌కీపర్ రెండో అంచెకి దిగాడంటే అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. ఏడాది తిరిగేసరికి నిన్ బిన్ పైకి వెళ్లింది. డబ్బు తగ్గి, ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నాక బిన్ దిన్ అట్టడుగున నిలిచి కిందికి పడిపోయింది. రెండు క్లబ్బులూ మెట్ల మీద ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి.

హోయాంగ్ డుక్ దిగజారాడా అంటే, లేదు. 2024 చివర్లో మొదలైన ఆగ్నేయాసియా దేశాల పోటీ ఆసియాన్ ఛాంపియన్‌షిప్‌లో కోచ్ కిమ్ సాంగ్-సిక్ జట్టు మధ్యభాగం అతని చుట్టూనే తిరిగింది. 2025 జనవరిలో రెండు మ్యాచ్‌ల ఫైనల్లో వియత్నాం థాయ్‌లాండ్‌ని మొత్తం 5–3తో ఓడించింది. 2021 తర్వాత 2023 గోల్డెన్ బాల్ కూడా అతనికే దక్కింది. దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడు ఆ సమయానికి రెండో అంచె క్లబ్బు ఆటగాడు. డబ్బుని సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇదే: డబ్బొచ్చింది, స్టార్లొచ్చారు, కెమెరాలొచ్చాయి, కింది లీగు పేరు నలుగురి నోళ్లలో నానింది. ఇందులో అబద్ధం లేదు.

నిన్ బిన్ జనం ఆకలి కూడా నాకు అర్థమవుతుంది. వాళ్లకి ఇంతకుముందు ఒక సిమెంట్ కంపెనీ నడిపిన క్లబ్బుండేది, విస్సాయ్ నిన్ బిన్. 2013లో జాతీయ కప్పు గెలిచింది. మరుసటి ఏడాది ఆసియా స్థాయి పోటీలో ఆడిన మ్యాచ్‌లో ఫిక్సింగ్ జరిగిందని బయటపడి, ఆటగాళ్లు పోలీసుల దాకా వెళ్లి, క్లబ్బు లీగు మధ్యలో తప్పుకుంది. కప్పు గెలిచిన ఏడాదిలోపే ఊరికి జట్టు లేకుండా పోయింది. అలాంటి ఊరికి పదేళ్ల తర్వాత హోయాంగ్ డుక్ వచ్చి ఆడుతుంటే, "ఈ డబ్బు ఎన్నాళ్లుంటుంది?" అని అడగమని ఆ ప్రేక్షకులకి చెప్పడం అన్యాయం. అడగాల్సింది లీగు నడిపేవాళ్లు. ఇప్పటి నిన్ బిన్ క్లబ్బు కూడా మొదటినుంచీ ఆ పేరుతో ఉన్నది కాదు, ఫూ దోంగ్ అనే క్లబ్బు ఊరూ పేరూ మార్చుకుని అలా అయింది. అంటే ఆ స్థానం అటూ ఇటూ కదలగలదని ఇప్పటికే రుజువైంది. రేపు మళ్లీ కదలకుండా ఏది ఆపుతుంది? ఇప్పుడున్న రూల్స్‌లో నాకు ఏదీ కనిపించడం లేదు.

బిన్ ఫుయోక్ కథ ఇంకో రకం. జీడితోటలు, రబ్బరు తోటల ప్రాంతం అది. ట్రువోంగ్ తువోయ్ అనే సంస్థ క్లబ్బు వెనక నిలబడింది. 2024లో వాళ్లు కాంగ్ ఫుయోంగ్‌ని తెచ్చారు. వియత్నాంలో ఫుట్‌బాల్ చూసే ఏ ఇంట్లోనైనా తెలిసిన పేరు. న్గే ఆన్‌లో పుట్టి, హోయాంగ్ ఆన్ జియా లాయ్ క్లబ్బు ఆర్సెనల్‌తో కలిసి పెట్టిన అకాడమీ తొలి బ్యాచ్‌లో పెరిగి, జపాన్, కొరియా, బెల్జియం చుట్టి వచ్చినవాడు. యొకొహామా ఎఫ్‌సీలో బెంచి మీదే ఎక్కువ కాలం గడిచిపోయాక, 29 ఏళ్ల వయసులో స్వదేశంలో రెండో అంచెకి వచ్చాడు. ఆ సీజన్‌లో నేను ఎక్కువగా చూసింది బిన్ ఫుయోక్ మ్యాచ్‌లే, అతని కోసమే. బంతి కాలికి తగలగానే అతను ఒక్క క్షణం ఆగుతాడు. ఎదురుగా ఉన్న కుర్రాడు అడుగు వేస్తాడా లేదా అని చూస్తాడు. పాత వేగం తగ్గినా ఆ ఆగడం మాత్రం తగ్గలేదు. చిన్నప్పుడు తన పోస్టర్ గోడకి అంటించుకుని ఉండగల కుర్రాళ్లే ఇప్పుడు అతని మీద ట్యాకిల్‌కి వస్తున్నారు. వాళ్లకి అంతకంటే మంచి బడి ఏముంటుంది?

ఆ జట్టు ప్లే-ఆఫ్‌లో ఓడింది. రెండు నెలలు తిరక్కుండానే, "క్వాంగ్ నామ్ స్థానం ఖాళీ అయింది, మీరు రండి" అన్నారు. రాలేదు. దీన్ని చాలామంది పిరికితనం అన్నారు. నా దృష్టిలో ఆ వేసవిలో జరిగిన పనుల్లో బాధ్యతగా చేసింది అదొక్కటే. పై లీగులో 26 మ్యాచ్‌లు. విదేశీ ఆటగాళ్లని వెతకాలి, ఒప్పందాలు కుదుర్చుకోవాలి, బడ్జెట్ పెంచాలి. రోజుల్లో తేల్చుకోమంటే తేలే పనులా ఇవి? తొందరపడి ఎక్కి, సగం సీజన్‌కి జీతాలు ఆపేసిన క్లబ్బులని వియత్నాం చూడకపోలేదు. ఖాన్ హోవా 2022లో కష్టపడి పైకొచ్చింది. 2023–24లో జీతాలు అందక ఆటగాళ్లు ప్రాక్టీసు మానేసే స్థితికి వచ్చి, అదే సీజన్‌లో తిరిగి కిందికి దిగింది. మైదానంలో గెలుచుకోని స్థానాన్ని వద్దనుకుని, మళ్లీ ఆడి గెలుచుకుంటామనుకోవడంలో నాకు పిరికితనం కనిపించదు.

ఇక క్వాంగ్ నామ్. నాకు మనసులో ఎక్కువగా బాధ కలిగించింది ఇదే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను. తామ్ కీ అనే మధ్యస్థమైన ఊరు వాళ్ల సొంతగడ్డ. 2017లో ఆఖరి రౌండు ముగిసేసరికి క్వాంగ్ నామ్, థాన్ హోవా సమాన పాయింట్లతో ఉన్నాయి. ముఖాముఖి ఫలితాలతో క్వాంగ్ నామ్ ఛాంపియన్ అయింది. ఎవరూ పందెం కాయని జట్టు. కెప్టెన్ దిన్ థాన్ చుంగ్‌కి ఆ ఏడాది గోల్డెన్ బాల్. మూడేళ్లకి, 2020లో, రెండో అంచెకి దిగిపోయింది. 2021 సీజన్ కోవిడ్‌తో మధ్యలోనే రద్దయింది. అక్కడే ఉండి, 2023లో రెండో అంచె గెలిచి తిరిగి పైకొచ్చింది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఒక క్లబ్బు జీవితం ఎలా ఉండాలో అలాగే ఉంది. ఓడిపోయి కిందికి దిగినా ఆ జట్టు బతికింది. ఆడి నిలబడిన ఏడాది, ఆఫీసు గదిలో చచ్చిపోయింది. 2017 ఛాంపియన్ షర్టు దాచుకున్న పిల్లాడికి ఇప్పుడు మద్దతివ్వడానికి కింది లీగులో కూడా తన జట్టు లేదు.

ఇది మొదటిసారి అయితే దురదృష్టం అనుకుని వదిలేయొచ్చు. వియత్నాంలో లీగు స్థానాలు చేతులు మారడం పాతబడిపోయింది. 1954లో పుట్టిన సైన్యం జట్టు థే కాంగ్ స్థానం 2009లో థాన్ హోవాకి వెళ్లింది. 2012 సీజన్ తర్వాత ఖాన్ హోవా జట్టు, స్థానం రెండూ హై ఫాంగ్‌కి చేరాయి. నావీబ్యాంక్ సైగాన్ మూతపడింది. 2013లో సువాన్ థాన్ సైగాన్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయింది. 2016లో హనోయ్‌కి చెందిన ఒక క్లబ్బు, సీజన్ మొదలయ్యాక, దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి మారి సైగాన్ ఎఫ్‌సీ అయింది. ఆ సైగాన్ ఎఫ్‌సీ 2022లో కిందికి పడింది. కింది లీగులో ఒక్క సీజన్ కూడా ఆడకుండా అదృశ్యమైంది. అక్కడ క్లబ్బుకి డబ్బు పెట్టే పెద్దమనిషిని "బౌ" అంటారు. బౌ డుక్, బౌ హియెన్, బౌ థాంగ్ అని ఆటగాళ్ల పేర్లంత సులువుగా చెప్తారు. వాళ్లలో కొందరు నిజంగానే వియత్నాం ఫుట్‌బాల్‌ని పైకి లేపారు, బౌ డుక్ అకాడమీ లేకపోతే కాంగ్ ఫుయోంగ్ లేడు. నా అభ్యంతరం మనుషుల మీద కాదు. ఒక మనిషి మనసు మారితే ఒక ఊరి జట్టు పోయే ఏర్పాటు మీద.

హైదరాబాద్ సంగతి ఇప్పుడు. 2019లో పుణె జట్టు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మనం సంబరపడ్డాం. పుణెలో జెండా మడిచి పెట్టుకున్నవాళ్ల గురించి ఇక్కడ ఎంతమంది ఆలోచించారు? 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి మనవాళ్లు ఐఎస్ఎల్ గెలిచారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మారింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు షర్టు వేసుకుని కూర్చున్నవాళ్లకి క్వాంగ్ నామ్ గురించి వేరే వివరించక్కర్లేదు. పైకి కిందికి వెళ్లే మెట్లున్న వియత్నాంలోనూ, నిన్నమొన్నటిదాకా మెట్లే లేని మన ఐఎస్ఎల్‌లోనూ జబ్బు ఒకటే. స్థానం ఊరిది కాదు, లైసెన్సు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది.

మన రెండు ప్రాంతాలకీ ఇంకో పాత లింకు ఉంది, ఈ సందర్భానికి అది కూడా పనికొస్తుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఇండియా 3–2తో ఓడించింది దక్షిణ వియత్నాంని. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. అంతకుముందు ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా మన దేశపు పాత పేరున్న పోటీ రోవర్స్ కప్‌ని వరసగా అయిదుసార్లు గెలిచింది. ఇప్పుడు వియత్నాం పై లీగులో పోలీసు జట్ల కాలం నడుస్తోంది. కింది లీగు నుంచి 2022లో పైకొచ్చి, మరుసటి ఏడాదే దేశ ఛాంపియన్ అయిన కాంగ్ ఆన్ హనోయ్ పోలీసులది. హో చి మిన్ సిటీ జట్టు 2025లో ఆ నగర పోలీసుల చేతికి వెళ్లింది. క్వాంగ్ నామ్ స్థానంలో వచ్చిన పీవీఎఫ్-సీఏఎన్‌డీ కూడా వాళ్లదే. 2025–26లో 14 జట్లలో మూడు. ప్రభుత్వ శాఖ వెనక ఉంటే జీతాలు ఆగవు, అది మంచిదే. కానీ శాఖ ప్రాధాన్యాలు మారిన రోజు ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లకి తెలుసు. ఆసియాకి ఫుట్‌బాల్ నేర్పినంత పని చేసిన మన పోలీసు జట్టు పేరు ఇప్పుడు పాత ఫొటోల కింద రాతల్లోనే కనిపిస్తుంది.

మరి నిలబడ్డం అంటే ఎలా ఉంటుంది? లాంగ్ ఆన్‌ని చూడాలి. మెకాంగ్ డెల్టా అంచున తాన్ ఆన్ పట్టణం. టైల్స్ కంపెనీ దోంగ్ తామ్ డబ్బుతో, పోర్చుగీసు కోచ్ కలిస్టో శిక్షణలో 2005, 2006ల్లో వరసగా దేశ ఛాంపియన్లు. ఆ కలిస్టోనే తర్వాత వియత్నాంకి 2008 ఏఎఫ్ఎఫ్ కప్పు (ఆసియాన్ ఛాంపియన్‌షిప్ పాత పేరు) తెచ్చిపెట్టాడు. ప్రపంచానికి మాత్రం లాంగ్ ఆన్ పేరు వేరే కారణంతో తెలిసింది. 2017 ఫిబ్రవరి 19, హో చి మిన్ సిటీలోని థోంగ్ న్యాట్ స్టేడియం. స్కోరు 2–2. ఎనభయ్యో నిమిషం దాటాక రెఫరీ లాంగ్ ఆన్‌కి వ్యతిరేకంగా పెనాల్టీ ఇచ్చాడు. ఆటగాళ్లు మైదానం అంచుకి నడిచారు. బతిమాలి వెనక్కి పంపారు. పెనాల్టీ కొట్టే సమయానికి గోల్‌కీపర్ బంతివైపు వీపు పెట్టి నిలబడ్డాడు. తర్వాత జట్టంతా కదలకుండా నిలుచుంటే మరో రెండు గోల్స్ పడ్డాయి. 5–2. ఆ వీడియో ఊరూరా తిరిగింది. కోచ్‌కీ, క్లబ్బు ఛైర్మన్‌కీ మూడేళ్ల నిషేధం, గోల్‌కీపర్‌కీ, కెప్టెన్‌కీ రెండేళ్ల నిషేధం. అదే ఏడాది జట్టు కిందికి దిగింది.

అంత అవమానం తర్వాత, స్పాన్సర్ల డబ్బు పల్చబడిన తర్వాత, మూసేసి ఇంటికెళ్లడం తేలికే. లాంగ్ ఆన్ అలా చేయలేదు. 2018 నుంచి ఏటా రెండో అంచెలో ఆడుతూనే ఉంది. స్టార్లు లేరు, పైకి వస్తామన్న హడావుడి లేదు, స్థానిక కుర్రాళ్లతో నెట్టుకొస్తోంది. 1989, 1996ల్లో దేశ ఛాంపియన్ అయిన దోంగ్ థాప్‌దీ ఇదే తోవ. ఇంకా కిందకి, మూడో అంచె దాకా దిగి, మళ్లీ ఎక్కింది. హువే జట్టుదీ అంతే. పాత రాజధాని నడిబొడ్డున, ఫ్రెంచివాళ్ల కాలం నాటి తూ దో స్టేడియంలో ఆడుతుంది. 1995లో దేశంలో రెండో స్థానం దాకా వెళ్లిన జట్టు, ఇప్పుడు కుర్రాళ్లని పెంచి, వాళ్లు కాస్త పదునెక్కగానే పెద్ద క్లబ్బులకి వదులుకుని, మళ్లీ కొత్త బ్యాచ్‌తో మొదలుపెడుతుంది. నన్నడిగితే 2024–25 సీజన్‌ని లీగు అనదగ్గదిగా నిలబెట్టింది ఇలాంటి జట్లే. నిన్ బిన్‌కి ఓడించడానికి ఎదురుగా ఎవరో ఒకరుండాలి కదా.

వాళ్లకి ఆ సీజన్‌లో లీగు ఇచ్చిందేమిటంటే, 20 మ్యాచ్‌లు. ఇంగ్లండు రెండో అంచెలో 46 ఆడతారు. అంత అక్కర్లేదు గానీ, ఇరవై ఏళ్ల కుర్రాడికి సీజన్ మొత్తానికి 20 మ్యాచ్‌లు, అందులోనూ మధ్యలో పొడుగాటి విరామాలు అంటే వాడు ఏం నేర్చుకుంటాడు? గాయమై రెండు నెలలు పోతే ఏడాది పోయినట్టే. మ్యాచ్‌లు తక్కువైతే టిక్కెట్ల రాబడి తక్కువ, స్పాన్సర్‌కి కనిపించే రోజులు తక్కువ. అప్పుడు క్లబ్బు మళ్లీ బౌ జేబు మీదే ఆధారపడుతుంది. 2024లో రెండో అంచెలో ఆడే బా రియా-వుంగ్ తావ్ ఆటగాళ్లు కొందరు బెట్టింగ్ కోసం మ్యాచ్‌లు అమ్ముకున్నారన్న కేసులో అరెస్టయ్యారు. చేసింది తప్పే, దాన్ని సమర్థించను. కానీ అరకొర జీతం, ఖాళీ రోజులు, ఏడాది చివర క్లబ్బు ఉంటుందో ఉండదో తెలియని టెన్షన్, ఇవన్నీ ఒకచోట చేర్చిపెట్టి కుర్రాళ్లు నిజాయితీగా ఉండాలనడం సరిపోదు.

2025 జూలై 1న వియత్నాం తన 63 రాష్ట్రాలు, నగరాలని కలిపి 34 చేసింది. ఈ దెబ్బ కింది లీగుకే ఎక్కువ తగిలింది, ఎందుకంటే అక్కడ క్లబ్బు పేరంటేనే రాష్ట్రం పేరు. క్వాంగ్ నామ్ దా నాంగ్‌లో కలిసిపోయింది. బిన్ ఫుయోక్ దోంగ్ నాయ్‌లో కలిసింది, క్లబ్బు పేరు కూడా అలాగే మారింది. లాంగ్ ఆన్ మ్యాపులో తాయ్ నిన్ అయింది. బిన్ దిన్, జియా లాయ్ కలిసి జియా లాయ్ అయ్యాయి. నామ్ దిన్ వెళ్లి నిన్ బిన్‌లో చేరింది, ఆ రెండు ఊళ్ల క్లబ్బులూ ఇప్పుడు ఒకే రాష్ట్రంలో ఉండి పోట్లాడుకుంటున్నాయి. "రాష్ట్రానికి ఒక జట్టు చాలు, రెండెందుకు?" అనే వాదన వినడానికి బాగుంటుంది. నేను ఒప్పుకోను. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి, ఇప్పటికీ మనం "ఉమ్మడి నల్గొండ", "ఉమ్మడి గోదావరి జిల్లాలు" అంటూనే ఉన్నాం. గెజిట్ మారిన రోజే మనుషుల అభిమానం మారదు. తామ్ కీ వాళ్లు దా నాంగ్ జట్టుకి చప్పట్లు కొట్టాలని ఏ ఉత్తర్వూ శాసించలేదు. నామ్ దిన్, నిన్ బిన్ రెండూ పక్కపక్కనే బతకగలిగితే, క్వాంగ్ నామ్, దా నాంగ్ ఎందుకు బతకకూడదు?

ఫూ థోది కూడా చెప్పాలి. ఆసియాన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ తొలి మ్యాచ్, హోయాంగ్ డుక్ ఆడినది, జరిగింది వియెత్ ట్రీ స్టేడియంలో. ఆ స్టేడియం ఫూ థో జట్టుది. ఆ జట్టు 2023–24లో వి-లీగ్ 2 నుంచి కూడా కిందికి దిగిపోయింది. దేశం మొత్తం ఎర్ర చొక్కాలు వేసుకుని ఆ స్టాండ్లు నింపిన రాత్రి, ఆ మైదానం సొంత జట్టు మూడో అంచెలో ఉంది. జాతీయ జట్టు మీద ఉన్న ప్రేమలో పదో వంతు సొంత ఊరి జట్టుకి దక్కితే ఫూ థోకి ఎవరి జేబూ చూడాల్సిన పని ఉండదు. ఆ ప్రేమ దక్కాలంటే ముందు, ఈ జట్టు వచ్చే ఏడు కూడా ఉంటుందన్న నమ్మకం జనానికి కలగాలి.

అందుకే నేను కోరేవి గాల్లో మేడలు కావు. వి-లీగ్ 2లో ఆడాలనుకునే ప్రతి క్లబ్బూ సీజన్ మొదలయ్యే ముందే, ఆటగాళ్ల ఏడాది జీతాలకి సరిపడా డబ్బు బ్యాంకులో లీగు పేరిట డిపాజిట్ చేయాలి. పై లీగులో అయితే రెండేళ్లకి. యజమాని తప్పుకుంటే, కనీసం ఆ కాలం జట్టు నడుస్తుంది, కొత్తవాళ్లని వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. రెండోది, క్లబ్బు స్థానాన్ని ఇంకో రాష్ట్రానికి తరలించడం పూర్తిగా ఆపేయాలి. వదులుకుంటే ఆ స్థానం ఆ ఊరి పేరు మీదే అట్టడుగు లీగు నుంచి మళ్లీ మొదలవ్వాలి, యువ జట్టుతోనైనా సరే. మూడోది, ఖాళీ పడ్డ స్థానం ఎవరికి వెళ్తుందో సీజన్ మొదలయ్యే ముందే రాసిపెట్టి, జూన్‌లోనే తేల్చేయాలి. ఆగస్టులో ఫోన్లు చేసి "వస్తారా" అని అడిగే పరిస్థితి రాకూడదు.

ఇంత కఠినంగా ఉంటే ఎవరూ డబ్బు పెట్టరు, జట్లు ఇంకా తగ్గిపోతాయి అనేవాళ్లున్నారు. తగ్గొచ్చు. డిపాజిట్ పెట్టలేనివాడు జనవరిలో జీతాలు ఇవ్వగలడా అన్నది నా ఎదురు ప్రశ్న. 11 జట్లు తొమ్మిదైతే నాలుగుసార్లు ఒకరితో ఒకరు ఆడించండి, 32 మ్యాచ్‌లవుతాయి. కుర్రాళ్లకి ఆట దొరుకుతుంది. స్టాండ్‌లో కూర్చున్నవాడికి వచ్చే ఏడు కూడా ఈ పేర్లే ఉంటాయన్న భరోసా దొరుకుతుంది. హోయాంగ్ డుక్ లాంటివాడు కిందికి దిగి రావడం తప్పు కాదు, రానివ్వండి. అతను వెళ్లిపోయిన తర్వాత కూడా నిన్ బిన్ జట్టు ఉండాలి. క్వాంగ్ నామ్ విషయంలో ఇంకా ఆలస్యం కాలేదు. తామ్ కీలో స్టేడియం ఉంది, పిల్లలున్నారు. ఆ పేరుతో ఒక జట్టుని అట్టడుగు లీగులో నమోదు చేయించడానికి కావాల్సింది హోయాంగ్ డుక్ జీతమంత డబ్బు కూడా కాదు.